గుండె బొమ్మ ఉన్న ఉప్పు

జుబైల్‌లో మా కంపెనీ ఎరుపులో పడిన నెలలోనే మా గదిలో అన్న కాళ్లకు వాపు వచ్చింది. ఆ రెండు సంగతులూ నాకు ఇప్పటికీ విడివిడిగా గుర్తుకు రావు.

ఎరుపు అంటే నితాఖత్ లెక్క. సౌదీవాళ్లకు సరిపడా ఉద్యోగాలు ఇవ్వని కంపెనీని సర్కారు ఎరుపు రంగులో పెడుతుంది. ఎరుపులో పడ్డ కంపెనీకి తన మనుషుల ఇఖామాలు రెన్యూవల్ చేసే వీలుండదు. ఇఖామా అనేది మేము ఆ దేశంలో ఉండొచ్చు అని చెప్పే కార్డు. దాని తేదీ దాటితే ప్లాంటు గేటు పాసు ఆగుతుంది, ఇన్సూరెన్సు ఆగుతుంది, బజారుకు పోవాలన్నా పోలీసు భయమే. ఒక్కొక్కరి తేదీ దాటుతుంటే, దాటినవాళ్లను కంపెనీ ఊరి బయట ఉన్న తన ఫాబ్రికేషన్ యార్డులోకి మార్చి అక్కడే పని చేయిస్తోంది. పైగా పని చేసే ఒక్కో బయటిదేశం మనిషి మీద కంపెనీ కట్టాల్సిన లెవీ కొత్తగా వచ్చి పడింది. ఎవరిని ముందు ఇంటికి పంపాలో ఆఫీసులో లిస్టు తయారవుతోందని అందరికీ తెలుసు. ఆ లిస్టు ఎవరూ చూడలేదు. చూడలేదు కాబట్టే అందరూ అందులో తమ పేరు ఉందనుకునేవాళ్లు.

అన్న నాకు సొంత అన్న కాదు. మాది జగిత్యాల దిక్కు, ఆయనది మా పక్క మండలం. యాభై దాటిన మనిషి. టిగ్ వెల్డరు. ఆయన వేసిన జాయింటు ఎక్స్‌రేలో తప్పు చూపించిందని నేనెప్పుడూ వినలేదు. ఇరవై ఏళ్లకు పైగా పైపుల కింద వంగి, పడుకుని, ఒక పక్కకు ఒరిగి పని చేసినందుకు నడుం ఎప్పుడూ పట్టేసి ఉండేది. దానికి రోజూ నొప్పి మాత్ర వేసుకునేవాడు. పొద్దున చాయ్ తర్వాత ఒకటి, డ్యూటీ దిగినాక ఒకటి. బీపీ కూడా ఉంది. ఆ మాత్ర గుర్తుకొచ్చినప్పుడు వేసుకునేవాడు.

నేను అదే కంపెనీలో స్టోర్ కీపర్ని. ఇంటర్ చదివాను. బోల్టులు, గ్యాస్కెట్లు, ఎలక్ట్రోడ్ డబ్బాలు, వాటి మీద ఉండే నంబర్లు, గ్రేడ్లు చదివి రిజిస్టర్లో రాసుకోవడం నా పని. ఒక అక్షరం తప్పు చదివితే వేరే రకం స్టీలు పైపులైనులోకి పోతుంది. అందుకే గదిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా మంచం దగ్గరికే తెచ్చేవాళ్లు. నేను చదివి చెబితే ఇంక దానికి తిరుగులేదు.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి అన్న బూట్లు విప్పాడు. సాక్సు గుర్తు పిక్క మీద లోతుగా, తాడు కట్టినట్టు పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

"నిలవడి నిలవడి వచ్చింది తమ్మీ, ఏం గాదు" అన్నాడు.

"ముఖం గూడ ఉబ్బినట్టున్నదే అన్నా. పొద్దుగాల అద్దంల చూస్కున్నవా?"

ఆయన బూట్లు మంచం కిందికి తోశాడు. చూసుకున్నాడని అర్థమైంది.

ఆయన ఇఖామా తేదీ దాటడానికి ఇంకా పదకొండు రోజులు ఉంది. ఇన్సూరెన్సు కార్డు పనిచేస్తుండగానే ఒక క్లినిక్‌కు తీసుకుపోయాను. అక్కడ ఈజిప్టు నుంచి వచ్చిన మిస్రీ డాక్టరు రక్తం, మూత్రం తీసుకుని మర్నాడు రమ్మన్నాడు. మర్నాడు కాగితాన్ని రెండుసార్లు చూసి, అన్న ముఖం చూసి, నాతో ఇంగ్లీషులో చెప్పాడు. రెండు కిడ్నీలూ చాలా వరకు దెబ్బతిన్నాయి. నొప్పి మాత్రలు ఇవాళే ఆపాలి. ఉప్పు తగ్గించాలి. వారంలోపల దమ్మామ్‌లో కిడ్నీ డాక్టరును కలవాలి. బీపీకి వేరే మాత్ర రాసిచ్చాడు. ఆలస్యం చేయొద్దని ఆ చివరి మాట మాత్రం హిందీలో నేరుగా అన్నకే చెప్పాడు.

బయటికొచ్చి ఎండలో నిలబడ్డాం. అన్న నా చేతిలో కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవ్వలికీ చెప్పకు" అన్నాడు.

"దమ్మామ్ పోవాలె గదనే."

"పోతే రిపోర్టు కంపెనీకి పోతది. కంపెనీకి పోతే లిస్టుల మొదటి పేరు నాదే. బీమారీ మనిషిని ఎవడు ఉంచుకుంటడు ఇప్పుడు? జర ఆగుదాం. కంపెనీ ఎరుపులకెల్లి పచ్చలకు వస్తదంటున్నరు గద."

నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాకూ భయమే. ఆయన వెళ్లిపోతే ఆ గదిలో నాకు ఎవరున్నారు అనే భయం ఒకటి. జబ్బు మనిషికి తోడు తిరిగాడని నా పేరు కూడా ఎక్కుతుందేమో అనే భయం ఇంకొకటి. రెండోది నేను అప్పుడు ఒప్పుకోలేదు.

ఆ రోజు నుంచి ఆయన వంట నేను పెట్టుకున్నాను. గదిలో ఐదుగురం వంతులవారీగా వండుకునేవాళ్లం. అందరి కూరలోంచి ఆయనకు తీసే వీలు లేదు కాబట్టి చిన్న గిన్నెలో విడిగా వండాను. నొప్పి మాత్రలు నేనే తీసి చెత్తలో పారేశాను. ఉప్పు పూర్తిగా మానేశాను. నాలుగు రోజులు తిన్నాడు. ఐదో రోజు ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నాడు.

"మన్ను తిన్నట్టున్నది తమ్మీ" అని పళ్లెం పక్కకు జరిపాడు.

మనిషి తగ్గిపోతున్నాడు. వాపు ఉన్నచోట వాపు ఉంది, మెడ దగ్గర మాత్రం ఎముకలు తేలుతున్నాయి. వెల్డింగు హెల్మెట్ పెట్టుకుంటే జారుతోందని పట్టీ బిగించుకున్నాడు. నాకు గుబులు పట్టుకుంది. తినకపోతే బలం ఎట్లా వస్తుంది?

శుక్రవారం సూపర్ మార్కెట్‌కు పోయినప్పుడు ఉప్పుల అరలో ఒక పొట్లం కనబడింది. తెల్ల పొట్లం, దాని మీద ఎర్ర గుండె బొమ్మ. పెద్ద అక్షరాల్లో సోడియం తక్కువ అని రాసి ఉంది. ఉప్పు అంటే సోడియమే అని నాకు తెలుసు. డాక్టరు తగ్గించమన్నది దాన్నే. పొట్లం చేతిలో పట్టుకుని నాలో నేనే మురిసిపోయాను. గదిలో ఇంకెవరికైనా ఇది దొరికేదా అనుకున్నాను. పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో ఇంకా చాలా రాసి ఉంది. స్టోరులో అయితే తిప్పి చూసేవాణ్నే. అక్కడ తిప్పలేదు.

ఆ పూట టమాట పప్పు చేసి, ఆ ఉప్పు వేసి పెట్టాను. మొదటి ముద్దకే అన్న తలెత్తి చూశాడు.

"ఉప్పేసినవ్!"

"ఇది వేరే ఉప్పు. నీ అసొంటోల్ల కోసమే చేసిండ్రు. గుండె బొమ్మ చూడు."

"జర చేదు కొడుతున్నది గని, ఉప్పు ఉప్పే" అన్నాడు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. ఎన్ని రోజులకో అట్లా తినడం. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఇక నాకు పట్టపగ్గాలు లేవు. బలం రావాలని పాలకూర వండాను. ఆలుగడ్డ వేపుడు పెట్టాను. యార్డులో సేఫ్టీ చూసే సౌదీ పెద్దాయన ఖతీఫ్‌లో తన తోటలో కాసిన ఖర్జూరాలు డబ్బా నిండా తెచ్చి స్టోరులో పెట్టేవాడు. రోజూ గుప్పెడు అన్న కోసం జేబులో వేసుకొచ్చేవాణ్ని. ఒళ్లంతా దురద పెడుతోందని అన్న దువ్వెనతో పిక్కలు గీరుకుంటుంటే, వేడి చేసిందనుకుని అల్ ఖర్జ్ డెయిరీల నుంచి వచ్చే లబన్, అదే చిక్కటి మజ్జిగ, సీసాలు తెచ్చి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగించాను. దురద ఇంకా ఎక్కువైంది. పిక్కల మీద గీతలు పుండ్లై పక్కులు కట్టాయి. నేను లబన్ ఇంకా పెంచాను.

ఈలోగా ఆయన ఇఖామా తేదీ దాటింది. నా తేదీ కూడా దగ్గర పడుతోంది.

రెండు నెలలు గడిచాయి. ఆ శుక్రవారం సెలవు. పగలు పదకొండు దాటి ఉంటుంది. అన్న బట్టలు ఉతకడానికి బాత్రూముల దగ్గరికి పోయాడు. కొంచెం సేపటికి పిలిచాడు. గట్టిగా పిలవలేదు. ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది గొంతు.

పోయి చూస్తే గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సగం నీళ్ల బకెట్టు.

"లేస్తలేదు తమ్మీ."

"ఏం లేస్తలేదు? బకెట్టా?"

"కాళ్లు."

రెండు చంకల కింద చేతులు పెట్టి లేపాను. ఆయన కాళ్లు నేల మీద ఉన్నాయి కానీ నిలబడటం లేదు. గదిలోకి దాదాపు ఈడ్చుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాను. పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందన్నాడు. వాంతి వచ్చేట్టుంది అన్నాడు. ముఖం బూడిద రంగులో ఉంది. చేయి పట్టుకుంటే నాడి ఒకసారి కొట్టి, ఇంక కొట్టదేమో అన్నంత సేపు ఆగి, మళ్లీ కొట్టింది.

ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనుల్లో ఎండదెబ్బకు మనుషులు ఇట్లాగే కూలబడేవాళ్లు. అప్పుడు ఉప్పు, నిమ్మరసం కలిపిన నీళ్లు పట్టిస్తాం. నేను అదే చేశాను. ఆయన ఉప్పు పొట్లమే తీసి, బలంగా ఉండాలని ఒక పెద్ద చెమ్చా గ్లాసులో కలిపి, తల ఎత్తి పట్టుకుని తాగించాను. సగం కారిపోయింది, సగం మింగాడు. కాళ్లు పిసుకుతూ కూర్చున్నాను. తేరుకుంటాడని చూశాను.

తేరుకోలేదు. అరగంట తర్వాత చేతులు కూడా ఎత్తలేకపోయాడు. "గుండెల ఏందో దబ్బున పడుతున్నట్టున్నదిర" అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ తమ్మీ అనేవాడు. ఆ 'ర' విని నేను లేచి నిలబడ్డాను.

క్యాంపు ఇన్‌ఛార్జి పాకిస్తాన్ ఆయన. బండి తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. పరుగెత్తి పోయి చెప్పాను.

"ఇస్కా ఇఖామా ఖతం హై భాయ్" అన్నాడు. ఇఖామా అయిపోయిన మనిషిని దవాఖానకు తీసుకుపోతే కాగితాలు అడుగుతారు, పోలీసులకు చెబితే ముందు తన మెడకే చుట్టుకుంటుంది అన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేశాడు. శుక్రవారం ఎవరూ ఎత్తలేదు. నేను కాళ్లు పట్టుకునేంత పని చేశాను. చివరికి గది దాకా వచ్చి అన్న ముఖం చూశాడు. చూసిన మరుక్షణం జేబులోంచి తాళం తీశాడు.

"ఉఠావో. జల్దీ."

ముగ్గురం మోసి బండిలో పడుకోబెట్టాం. దవాఖానలో మందుల గురించి అడుగుతారని అన్న మంచం పక్కనున్న సంచీ మొత్తం పట్టుకున్నాను. మాత్రలు, క్లినిక్ కాగితం, మిగిలిన ఖర్జూరాలు, ఉప్పు పొట్లం అన్నీ అందులోనే ఉన్నాయి. దారి పొడుగునా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

సర్కారు దవాఖాన ఎమర్జెన్సీలో ఇఖామా అడిగారు. తేదీ దాటిన కార్డు ఇచ్చాను. కౌంటర్లో మనిషి కార్డు చూశాడు, స్ట్రెచర్ వైపు చూశాడు, లోపలికి పొమ్మని చేయి ఊపాడు. అన్న ఛాతీకి వైర్లు తగిలించారు. మిషన్‌లోంచి కాగితం బయటికొస్తుంటే చూసిన డాక్టరు అరబ్బీలో గట్టిగా ఏదో అన్నాడు. ఒక్కసారిగా నలుగురు మంచం చుట్టూ చేరారు.

నేను "అన్నా, అన్నా" అంటూ వెనక్కి నిలబడ్డాను. ఆ మాట విని ఒక నర్సు తిరిగి చూసింది.

"తెలుగువాళ్లా?"

నాకు ఏడుపొచ్చింది. "అవును సిస్టర్."

నలభై ఐదేళ్లుంటాయి. భీమవరం పక్క అని తర్వాత చెప్పింది. చేతులు అన్నకు సూది గుచ్చే పనిలో ఉన్నాయి, మాట మాత్రం నాతో.

"ఈయనకి కిడ్నీ జబ్బుందా?"

ఉందన్నాను.

"పొటాషియం విపరీతంగా పెరిగిపోయినట్టుందండీ. గుండె ఆగిపోయేలా ఉంది. ఏం మందులు వాడుతున్నాడు? ఇవాళ ఏం తిన్నాడు? దాచకుండా చెప్పండి."

మాత్రలు చూపించాను. తిన్నవన్నీ చెబుతూ పోయాను. టమాట, పాలకూర, ఆలుగడ్డ, ఖర్జూరం, లబన్. ఒక్కొక్కటి చెబుతుంటే ఆమె ముఖం మారిపోతోంది. ఇవన్నీ మంచివే కదా అని నా లోపల ఎవరో అంటున్నారు.

"ఉప్పు మానేశాడా?"

"మామూలుది మానిపించిన సిస్టర్. సోడియం తక్కువున్నది పెడుతున్న. ఇందాక నీళ్లల్ల గూడ కలిపి తాగించిన."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి. "ఏ ఉప్పు?"

సంచీలోంచి పొట్లం తీసి ఇచ్చాను. ఆమె గుండె బొమ్మ వైపు చూడనే లేదు. నేరుగా వెనక్కి తిప్పింది. వేలితో ఒక వరుస చూపించింది. పొటాషియం క్లోరైడ్. దాని కింద ఇంకా చిన్నగా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడొద్దని ఇంగ్లీషులోనూ, అరబ్బీలోనూ ఉంది.

నేను చదివాను. నా కళ్లకు ఏ అడ్డమూ లేకుండా, సాఫీగా చదవగలిగాను.

"సోడియం తగ్గించి, ఆ చోట్లో పొటాషియం కలుపుతారండీ" అంది. "మనకైతే ఎక్కువైంది మూత్రంలో పోతుంది. ఈయన కిడ్నీలు బయటికి పంపలేవు. అంతా రక్తంలోనే ఉండిపోతుంది. డాక్టరుగారికి చెప్పాలి నేను."

"పోలీసులకు చెప్తరా సిస్టర్?"

అడగాల్సిన మాట అది కాదని అడిగిన వెంటనే తెలిసింది. అన్న బతుకుతాడా అని అడగాలి. నా నోట్లోంచి ముందు వచ్చింది మాత్రం పోలీసుల మాట.

ఆమె కోప్పడలేదు. "ముందు ఈయన్ని చూడనివ్వండి" అని వెళ్లి డాక్టరుకు పొట్లం చూపించింది. ఆయన నా వైపు ఒకసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

తర్వాత జరిగిందంతా తెర సందులోంచి చూశాను. నరంలోకి మెల్లగా కాల్షియం ఎక్కించారు. గుండెను కాసేపు కాపాడడానికట. గ్లూకోజుతో పాటు ఇన్సులిన్ ఇచ్చారు. రక్తంలో ఉన్న పొటాషియంను కొంతసేపు కణాల్లోకి నెట్టడానికట. ముక్కుకు ఆవిరి మందు పెట్టారు. ఇవన్నీ గడువు తెచ్చుకోవడానికే, బయటికి తీసేది డయాలసిస్ ఒక్కటే అని సిస్టర్ చెప్పింది. రక్త పరీక్ష వచ్చింది. ఐదు లోపల ఉండాల్సిన పొటాషియం ఎనిమిది దగ్గర ఉంది. మిషన్ తెర మీద గుండె కొట్టుకునే అంకె నలభై లోపలికి దిగి ఎక్కుతోంది. ఒకసారి ముప్పై నాలుగు అయింది.

మెడలో గొట్టం వేయడానికి సంతకం కావాలన్నారు. "మీరు ఏమవుతారు?" అని సిస్టర్ అడిగింది.

"తమ్ముడిని."

ఆమె నా ముఖం చూసి కాగితం నా ముందు పెట్టింది. సంతకం పెడుతుంటే, ఈయన పోతే నా చేత్తో రాసిన ఈ అబద్ధం కూడా ఇక్కడ మిగిలిపోతుంది అనుకున్నాను. ఊళ్లో ఆయన భార్యకు ఏమని చెప్పాలి? గుండె ఆగి పోయాడనా? నేను పెట్టిన ఉప్పు తిని పోయాడనా? ఏది చెప్పినా నిజమే. ఫోన్ చేతిలో పట్టుకుని ఆమె నంబరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను.

డయాలసిస్ గది బయట ఇనుప కుర్చీలో నాలుగు గంటలు కూర్చున్నాను. లోపలి నుంచి ఎవరు బయటికొచ్చినా లేచి నిలబడేవాణ్ని. అసర్ అజాను వినబడింది. క్యాంపు ఇన్‌ఛార్జి నమాజు చేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మళ్లీ లేచి పోలేదు.

పొద్దు వాలుతుండగా సిస్టర్ బయటికొచ్చింది. డ్యూటీ అయిపోయినా ఉండిపోయిందని తర్వాత తెలిసింది.

"పొటాషియం దిగిందండీ. గుండె అంకె అరవై దాటింది. మాట్లాడుతున్నాడు."

అన్న కాళ్లు కదిలిస్తున్నాడు. నన్ను చూసి, "బట్టలు నానబెట్టి వచ్చిన తమ్మీ, పాడైతయేమో" అన్నాడు.

పది రోజులు దవాఖానలో ఉన్నాడు. రోజు విడిచి రోజు మిషన్ మీద పెట్టారు. కిడ్నీలు ఇంక తిరిగి రావన్నారు. వార్డులో సిస్టర్ నన్ను కూర్చోబెట్టి అన్నీ వివరంగా చెప్పింది. దురద వేడి వల్ల కాదు, ఫాస్ఫరస్ వల్ల. లబన్‌లో, పాలల్లో, కూల్‌డ్రింకుల్లో అది ఉంటుంది. కిడ్నీ దాన్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుంటే ఎముకల్లో సున్నం కరిగి, ఆ సున్నం రక్తనాళాల్లో గట్టిపడుతుంది. ఆయన వేసుకునే బీపీ మాత్ర కూడా పొటాషియంను కొంత పెంచే రకమే, అందుకే రక్తం పరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఆలుగడ్డలాంటివి తప్పనిసరై వండితే చిన్న ముక్కలు కోసి, చాలా నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. అది కూడా డాక్టరు చెప్పినంతే. ఒక తెల్ల కాగితం మీద తెలుగులో అన్నీ రాసిచ్చింది. "చాలా ఏళ్లయిందండీ తెలుగు రాసి, తప్పులుంటే దిద్దుకోండి" అంది. కుటుంబంలో ఒక్కొక్కరికీ నెలనెలా కట్టాల్సిన ఫ్యామిలీ ఫీజు వచ్చాక భర్తనూ పిల్లలనూ ఇంటికి పంపేసిందట. ఫోన్లో కూడా వాళ్లకు తెలుగు రాసే అవసరం ఉండదంది.

మూడో రోజు అన్నకు చెప్పేశాను. చెప్పకపోతే తన మీదే తప్పు వేసుకునేట్టున్నాడు. దమ్మామ్ పోకపోతిని, అందుకే ఇట్లయింది అని ఒకటే అంటున్నాడు.

"అది గాదే అన్నా. ఉప్పు. నేను తెచ్చిన ఉప్పులనే ఉన్నది ఆ పొటాషియం."

ఆయన తల నా వైపు తిప్పాడు.

"పొట్లం మీద రాసి ఉండెనా?"

"ఉండె."

"నువ్వు సదువలె?"

"ముందటిది సదివిన. ఎన్కది సదువలె."

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను మంచం పక్కన నిలబడే ఉన్నాను. అటు తిరిగే, "పో, డ్యూటీకి లేటయితది" అన్నాడు.

మర్నాడు సిస్టర్ చెప్పినట్టే వండి డబ్బా తీసుకుపోయాను. ఆయన మూత తీయలేదు. సిస్టర్ వచ్చేదాకా ఆగి, "అమ్మా, ఇది తినొచ్చునా?" అని అడిగాడు. ఆమె చూసి తలూపాకే ముద్ద కలిపాడు. ఆ తర్వాత కూడా రోజూ అంతే. నా మీద కోపం ఉంటే తిట్టేవాడు, ఆయన తిట్టు నాకు అలవాటే. అది కోపం కాదు. నా చేతి అన్నం అంటే ఆయనకు భయం పుట్టింది. ప్రతిరోజూ ఆ డబ్బా మూత దగ్గర ఆయన వేళ్లు ఆగడం నేను చూశాను.

కంపెనీకి తెలిసింది. ఇన్నాళ్లు మేము దేనికి భయపడ్డామో అది చాలా నెమ్మదిగా, గొడవ లేకుండా జరిగిపోయింది. పాస్‌పోర్టు ఆఫీసు జవాజాత్‌లో కాగితాలు కదిపి, ఇక తిరిగి రాకుండా పంపే ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు. దవాఖానవాళ్లు పొద్దున డయాలసిస్ చేసి అదే రోజు విమానానికి వదిలారు. దమ్మామ్ విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టాను. మెడలో గొట్టం కనబడకుండా తువ్వాలు చుట్టాను. విమానంలో పండ్లరసం, అరటిపండు ఇవ్వొద్దని సిస్టర్ ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం చొక్కా జేబులో పెట్టాను. తినడానికి ఒక చిన్న డబ్బా ఇచ్చాను.

"ఇండ్ల ఏమేమి ఏసినవ్?" అన్నాడు.

"బియ్యం, సొరకాయ, కొంచెం నూనె. ఇంకేం లేదు."

ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. "నీది గూడ దాటవోతున్నది గద ఇఖామా. జాగర్త" అన్నాడు. కుర్చీ తోసే మనిషి లోపలికి తీసుకుపోయాడు. ఆ డబ్బా తిన్నాడో లేదో నాకు తెలియదు. హైదరాబాదులో దిగానని ఫోన్ వచ్చేదాకా కూర్చున్నచోట కూర్చోలేకపోయాను.

నన్ను ఇంకో కంపెనీ తీసుకుంది. రెండేళ్ల తర్వాత సెలవు దొరికితే, ఇంటికి పోయిన నాలుగో రోజు ఆయన ఊరికి పోయాను. వారానికి మూడుసార్లు జిల్లా దవాఖానలో డయాలసిస్ జరుగుతోంది. మనిషి సగమయ్యాడు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతి నరాలు కలిపి ఫిస్టులా వేశారు, నరం తాడులా లేచి ఉంది. నా చెయ్యి దాని మీద పెట్టించాడు. లోపల రక్తం జుమ్ముమంటోంది. భయపడి చేయి తీసేశాను. ఆయన నవ్వాడు.

వదిన చాయ్ తెచ్చింది. నాకు గ్లాసులో, ఆయనకు బుల్లి కప్పులో.

"నువ్వు తమ్మునిగ సంతకం వెట్టకుంటె ఈయన అక్కన్నే ఉండిపోతుండె" అంది.

రెండేళ్లుగా ఆ మాటకే భయపడుతూ ఉన్నాను. గ్లాసు కింద పెట్టాను. "వదినా, నీకో ముచ్చట చెప్పాలె. ఆ ఉప్పు..."

"నాకెరికె" అంది ఆమె. "వచ్చిన వారానికే చెప్పిండు. ముందుగాల నిన్ను మస్తు తిట్టుకున్న. ఉన్నదున్నట్టు చెప్తున్న, ఏమనుకోకు. నెల దినాలు తిట్టుకున్న. ఇంక నీ మొఖమే సూడొద్దనుకున్న." కొంగుతో చేతులు తుడుచుకుంది. "తర్వాత ఇంట్ల వండవట్టిన. రోజూ కూర దింపేటప్పుడు, ఇండ్ల ఏమున్నదో, ఏం జేస్తదో అని నా చెయ్యి గిన్నె కాడనే ఆగుతది. అప్పుడు నువ్వు మతిల కొస్తవు."

అన్న కప్పులో చాయ్‌ని తొందర లేకుండా, గుక్క గుక్కకూ ఆగి తాగుతున్నాడు. రోజుకు ఆయనకు అన్నీ కలిపి లీటరుకు తక్కువే నీళ్లు. వదిన లేచి వంటింట్లోకి పోతూ, "తిని పోవాలె. ఆయనది వేరే ఉంటది, నీకు మామూలుదే వెడత" అంది.

"నాకు గూడ ఆయనదే పెట్టు వదినా" అన్నాను.